గోధుమ పడని కడుపు



ఈసారి గోడపత్రికలో సైన్సు వ్యాసం వంతు తొమ్మిదో తరగతిది. మా జీవశాస్త్రం టీచర్ గారు "పుస్తకంలో ఉన్నదే మళ్లీ రాయకు, నీకు తెలిసింది రాయి" అన్నారు. నాకు బాగా తెలిసింది నా కడుపే. పూరీ పెట్టిన రోజు నేను ప్లేటు పట్టుకొని పక్కకు ఎందుకు జరుగుతానో, పుట్టినరోజు కేకు ఎందుకు ముట్టనో మీరు చాలాసార్లు అడిగారు. "దానికి గీర ఎక్కువ" అని అన్నవాళ్లు కూడా ఉన్నారు, నేను విన్నాను. అందుకే మొత్తం ఒక్కసారే రాసి గోడకు పెడుతున్నాను.

నాకున్న జబ్బు పేరు సీలియాక్ వ్యాధి. గ్రీకు భాషలో కడుపు అనే మాట నుంచి ఈ పేరు వచ్చింది. గోధుమలో, బార్లీలో, రై అనే ధాన్యంలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు ఈ జబ్బు ఉన్నవాళ్లకు పడదు.

గ్లూటెన్ అంటే ఏమిటో కళ్లతో చూడాలంటే ఈ ప్రయోగం చేయండి. గుప్పెడు గోధుమపిండిని గట్టిగా ముద్ద కలిపి పావుగంట ఉంచండి. తర్వాత గిన్నెలో నీళ్లు పోసి, ఆ ముద్దను నీళ్లలోనే మెల్లగా పిసుకుతూ ఉండండి. నీళ్లు పాలలాగా తెల్లబడతాయి, అది పిండిపదార్థం. నీళ్లు మార్చి మార్చి పిసికితే చివరకు చేతిలో బంక మిగులుతుంది. లాగితే సైకిల్ ట్యూబు లాగా సాగుతుంది. అదే గ్లూటెన్. ఇటలీ దేశపు బెక్కారి అనే శాస్త్రవేత్త ఇట్లాగే కడిగి దీన్ని వేరు చేసిన సంగతి 1745లో అచ్చయింది. ఇప్పుడు అదే పని జొన్నపిండితో చేయండి. ముద్ద మొత్తం విడిపోయి నీళ్లలో కలుస్తుంది, చేతిలో బంక మిగలదు. మా యాడి జొన్నరొట్టెకు వేడినీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టి తట్టి చేసేది అందుకే. చపాతీ లాగా కర్రతో ఒత్తబోతే అంచులన్నీ పగులుతాయి. చిన్నప్పుడు రొట్టె విరిగితే మా యాడికి చేతకాలేదని అలిగేదాన్ని. తప్పు మా యాడిది కాదు, జొన్నలో బంక లేదు.

ఇక పేగు సంగతి. పోషణ పాఠంలో చిన్నపేగు లోపల వేళ్లలాంటి చూషకాలు ఉంటాయని చదివాం. తువ్వాలు మీద నూలుపోగులు లేచి ఉన్నట్టు లక్షల చూషకాలు లేచి ఉంటాయి. అరిగిన ఆహారాన్ని రక్తంలోకి పీల్చేవి ఇవే. నాలాంటి వాళ్లు గోధుమ తింటే గ్లూటెన్‌ను చూసి శరీరంలోని రక్షణ వ్యవస్థ శత్రువు వచ్చిందనుకుంటుంది. అది చేసే యుద్ధంలో దెబ్బతినేది మన పేగే. చూషకాలు అరిగిపోయి చదునైపోతాయి. పక్కన బొమ్మలో ఎడమ వైపు మంచి పేగు, కుడి వైపు చదునైన పేగు గీశాను. కుడిది వడగండ్లు పడిన వరి మడి లాగా ఉందని మా క్లాసువాళ్లు అన్నారు. నిజమే. అప్పుడు ఎంత తిన్నా ఒంటికి పట్టదు.

నా కథ చెబుతాను. మాది పాలకవీడు మండలంలో ఒక తండా. ఇంట్లో ఉన్నన్ని రోజులు అన్నం, జొన్నరొట్టె, పప్పు, కారం. గోధుమ ఎప్పుడో ఒకసారి. ఐదో తరగతిలో వేరే హాస్టల్లో చేరాను. అక్కడ పొద్దున ఉప్మా, పూరీ, రాత్రి చపాతీ, సాయంత్రం బిస్కెట్లు. మిగతా పిల్లలు బాగానే లావయ్యారు. నాకు మాత్రం పొట్ట కుండలాగా ఉబ్బింది, చేతులు కాళ్లు పుల్లలైనయి. విరేచనాలు, నోటి పూత, మెట్లెక్కితే ఆయాసం. నట్టల మాత్రలు వేశారు. వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర నేను ఒక్కటి కూడా ఎగ్గొట్టలేదు, అయినా రక్తం పెరగలేదు. మింగిన ఐరన్ పేగు దాటి రక్తంలోకి పోవద్దా? ఒకరోజు ఉప్మా పారేస్తూ దొరికిపోయాను. అన్నం విలువ తెలియదని అందరి ముందు నిలబెట్టి, ప్లేటు ఖాళీ అయ్యేదాకా తినిపించారు. ఆ రాత్రి ఏమైందో రాయను. సెలవులకు ఇంటికి పోతే పదిహేను రోజుల్లో కాస్త తేరుకునేదాన్ని. "హాస్టలంటే దీనికి బెంగ" అన్నారు అందరూ. మా యాడి మేరామా యాడికి మొక్కింది. మొక్కు తీర్చినంక కూడా తగ్గలేదు.

ఏడో తరగతిలో 24 కిలోలు ఉన్నాను. మా బాపు హైదరాబాదు తీసుకుపోయాడు. అక్కడ ఒక డాక్టరమ్మ "హాస్టల్లో ఏం పెడతరు, ఇంట్ల ఏం తింటవు" అని వేరువేరుగా రాసుకుంది. అంతవరకు ఎవరూ అట్లా అడగలేదు. రక్తంలో టీటీజీ అనే పరీక్ష చేశారు. తర్వాత నోటి నుంచి సన్నటి గొట్టం పంపి, ఆంత్రమూలం నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద చూశారు. దానికి భయపడకండి, గొంతులో వికారంగా ఉంటుంది, అంతే. జబ్బు పేరు చెప్పాక మా బాపు "మందు ఎన్ని రోజులు?" అని అడిగాడు. మందు లేదు, గోధుమ జన్మంతా మానాలి అన్నది. మా బాపు నవ్వి "గంతేనా, జొన్నలు మా ఇంట్లనే ఉన్నయి" అన్నాడు. ఆరు నెలల్లో ఎనిమిది కిలోలు పెరిగాను.

గోధుమకూ ఈ జబ్బుకూ సంబంధం ఎట్లా తెలిసింది? ఇంగ్లండులో శామ్యూల్ గీ అనే డాక్టరు 1888లో ఈ జబ్బు లక్షణాలు చక్కగా రాశాడు. తిండి మారిస్తేనే నయమవుతుందని కూడా అన్నాడు, ఏ తిండో తెలియదు. 1924లో అమెరికాలో హాస్ అనే డాక్టరు పిల్లలకు అరటిపండ్ల పథ్యం పెట్టాడు. పిల్లలు కోలుకున్నారు. అరటిపండు గొప్పతనం అనుకున్నారు. నిజానికి ఆ పథ్యంలో రొట్టె లేదు, అదీ అసలు కారణం. హాలండులో డికే అనే పిల్లల డాక్టరుకు 1930ల నుంచే గోధుమ మీద అనుమానం ఉండేది. రెండో ప్రపంచ యుద్ధంలో 1944-45 చలికాలం అక్కడ ఘోరమైన కరువు. రొట్టె దొరక్క జనం తులిప్ పూల గడ్డలు కూడా ఉడికించుకొని తిన్నారు. అందరూ చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం మెరుగయ్యారు. మళ్లీ రొట్టె రాగానే జబ్బూ వచ్చింది. ఆయన 1950లో దీని మీద సిద్ధాంత గ్రంథం రాశాడు. ఇది చదివినప్పుడు నాకు నా సెలవులు గుర్తొచ్చాయి. ఇంట్లో తేరుకోవడం, హాస్టల్లో పడిపోవడం. అదే ప్రయోగం నా మీద రెండేళ్లు నడిచింది, చూసి రాసుకున్నవాళ్లు లేరు.

మన దేశంలో ఈ జబ్బు పంజాబు, హర్యానా వంటి గోధుమ తినే ప్రాంతాల్లో ఎక్కువ. 2016లో అచ్చయిన ఒక పరిశోధనలో ఉత్తరాదిన వెయ్యి మంది పెద్దల్లో ఎనిమిది మందికి పైగా ఉంటే, దక్షిణాదిన పది వేలకు ఒకరే తేలారు. దీనికి కావలసిన జన్యువులు మాత్రం రెండు చోట్లా ఇంచుమించు సమానంగానే ఉన్నాయి. అక్కడివాళ్లు తినే గోధుమ ఇక్కడికంటే ఎన్నో రెట్లు. మన దిక్కు అరుదు కాబట్టే నట్టలు, బెంగ, దయ్యం అన్నీ గుర్తొస్తాయి కానీ ఇది గుర్తురాదు. ఇది అంటువ్యాధి కాదు, నా ప్లేట్లో తింటే మీకు రాదు. మీకెవరికీ గోధుమ మానాల్సిన పని కూడా లేదు, చపాతీ మీకు మంచిదే.

నేను తినేవి: అన్నం, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, మక్క, పప్పులన్నీ, గుడ్డు, కూరలు, పాలు. సకినాలు, సర్వపిండి బియ్యప్పిండివే కాబట్టి సంక్రాంతికి నాకు దిగులు లేదు. చిక్కంతా పేర్లతోనే. ఇడ్లీ రవ్వ బియ్యానిది, బొంబాయి రవ్వ గోధుమది, రెండూ రవ్వే! రాగి మాల్టు మంచిదే, కానీ డబ్బాల్లో వచ్చే పాల పొడుల్లో మాల్టు అంటే సాధారణంగా బార్లీ. సేమియా, మైదా బోండా, రస్కు, కేకు, అన్నీ గోధుమే. సాంబారు నాకెందుకు పడటం లేదో చాలా రోజులు తెలియలేదు. ఇంగువ డబ్బా తిప్పి చదివితే దొరికింది: కూర్పు ఇంగువలో గోధుమపిండి కలుపుతారు. అప్పటి నుంచి డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవడం నాకు అలవాటైంది. గ్లూటెన్ లేదని రాసి అమ్మాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి ఉండొద్దని మన దేశంలో నిబంధన ఉంది. అంత కొంచెమే లెక్కన్నమాట.

అందుకే గిర్ని దగ్గర కూడా జాగ్రత్త పడాలి. గోధుమలు పట్టిన వెంటనే మన జొన్నలు పోస్తే రాళ్ల మధ్య మిగిలిన గోధుమపిండి దాంట్లో కలుస్తుంది. మా యాడి ముందు రెండు దోసిళ్ల నూకలు పట్టించి, ఆ పిండి మేకలకు వేసి, తర్వాత నా జొన్నలు పోయిస్తుంది. మొదట్లో గిర్నీ ఆయన నవ్వాడు. ఇప్పుడు ఆయనే పొద్దున గిర్ని తుడిచినంక మొదటి వాయి మాకు పట్టి పెడుతున్నాడు.

తీజ్ పండుగ గురించి కూడా అడిగారు. శ్రావణంలో మా ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు వేసి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలక పెంచుతారు కదా, నీకది కూడా వద్దా అని. నేనూ భయపడి డాక్టరమ్మను అడిగాను. గ్లూటెన్ నోట్లోకి పోతేనే చెరుపు, చర్మం నుంచి పోదు, పండుగ చేసుకో, చేతులు కడుక్కొని తిను అన్నది. కిందటేడు అందరికంటే నా బుట్టలోనే మొలక ఎత్తుగా వచ్చింది. ప్రసాదం మాత్రం మా యాడి నాకు బియ్యప్పిండి రొట్టె, బెల్లంతో వేరే చేసింది.

మన హాస్టల్లో వంట అక్కలకు నేను చేసిన తప్పొకటి చెప్పాలి. జనవరిలో నా దోస్తు పుట్టినరోజుకు కేకు ముక్క కాదనలేక తిన్నాను. మూడు రోజులు లేవలేదు, గణితం పరీక్ష పోయింది. అన్నం పాడైందేమోనని అక్కలను తిట్టారు. తప్పు అక్కలది కాదు, నాది, కేకు సంగతి అప్పుడు భయపడి దాచాను. ఇప్పుడు మేడం గారు నాకు వేరే గంటె, మూత ఉన్న గిన్నె ఇప్పించారు. దాని మీద ఎర్ర దారం కట్టి ఉంటుంది. దయచేసి ఆ గంటెతో ఉప్మా కలపకండి. చపాతీ రోజు పిండి చల్లే బల్లకు దూరంగా నా అన్నం పెడితే చాలు.

చిన్న తరగతుల చెల్లె ఒకతె, పేరు రాయను, మొన్న నా దగ్గరకు వచ్చి "అక్కా, నాకూ పొట్ట ఉబ్బుతది, నేను కూడా చపాతీ బంద్ చేయాల్నా?" అన్నది. వద్దని చెప్పాను. పరీక్షకు ముందే గోధుమ మానేస్తే రక్తంలో గుర్తులు తగ్గిపోతాయి, పేగు కూడా బాగుపడుతూ ఉంటుంది, జబ్బు ఉన్నా లేదని రావచ్చు. పైగా ఆమెది నా జబ్బే అని నేనెట్లా చెప్తాను? నట్టలే కావచ్చు. మేడం గారికి చెప్పాం. శనివారం ఆస్పత్రికి తీసుకుపోతానన్నారు. అప్పటిదాకా ఆమె చపాతీ తింటుంది, నేను పక్కన కూర్చొని జొన్నరొట్టె తింటాను.