పరమ మూల్య సమీకరణములు

సంఖ్యారేఖపై ఒక సంఖ్య సున్నకు ఎంత దూరమున నున్నదో ఆ దూరమే దాని పరమ మూల్యము. 5కును −5కును అది 5 మాత్రమే. దీనిని రెండు నిలువు గీతలతో వ్రాయు పద్ధతిని 1841లో జర్మను గణితజ్ఞుఁడు వైయర్‌స్ట్రాస్ వాడెను.

|య − 3| = 2య అను సమీకరణమును సాధింతము. గీతలలోని రాశి ధనమో ఋణమో మనకుఁ దెలియదు. కావున రెండు విధములను విచారింపవలెను.

య − 3 = 2య అయినచో య = −3.
3 − య = 2య అయినచో య = 1.

ఇంతటితో నిలిపినచో తప్పు వచ్చును. −3ను ప్రతిక్షేపింపఁగా ఎడమవైపు 6, కుడివైపు −6 వచ్చును. దూరము ఋణము కానేరదు గనుక దీనిని విడుతుము. 1ని ప్రతిక్షేపింపఁగా ఇరువైపులను 2 వచ్చును. కావున 1 ఒక్కటియే మూలము. సరిచూచినఁగాని సాధన ముగియదని మనము మఱువరాదు.