వేప పూసిన వేళ

పాఠ్యభాగ ఉద్దేశం

వసంతకాలపు విహారాలు, ఊరి పండుగలు మనిషికి ఉల్లాసాన్ని ఇస్తాయి. వాటిని శ్రద్ధగా గమనించి రాసి ఉంచితే అవే రాబోయే తరాలకు విజ్ఞానమవుతాయి. బేతంచెర్ల పరిసరాల వసంతాన్ని, జపాను దేశపు పూలపండుగను పరిచయం చేస్తూ ఈ విషయాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

వసంతం అనగానే కోయిల పాట, మామిడి చిగురు, మలయమారుతం గుర్తుకు వస్తాయి. కవులు మనకు అలవాటు చేసిన వసంతం అది. రాయలసీమలో వసంతం మరొక రీతిగా అడుగుపెడుతుంది. ఫాల్గుణం ముగిసేసరికి చెరువులు అడుగంటుతాయి. కోతలు పూర్తయిన మెట్టచేలు బోసిగా కనిపిస్తాయి. పగటి ఎండ చురుక్కుమంటుంది. సరిగా ఆ రోజుల్లోనే ఇంటి ముందరి వేపచెట్టు పాత ఆకులు రాల్చి, ఎర్రని చిగురు తొడిగి, సన్నని తెల్లని పూత పూస్తుంది. నేల ఎండిన వేళ పూచిన ఆ చేదుపువ్వును ఏరి తెచ్చి, బెల్లం, చింతపండు, మామిడి, ఉప్పు, కారాలతో కలిపి ఉగాదినాడు ఆరగిస్తాం. రానున్న ఏడాదిలో సుఖదుఃఖాలను సమానంగా స్వీకరించాలన్న భావన అందులో ఉంది.

బేతంచెర్ల నంద్యాల–డోన్ రైలుమార్గంలో ఉన్న పట్టణం. 2022లో నంద్యాల జిల్లా ఏర్పడేవరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. ఇక్కడి నాపరాతి బండలు ఎన్నో ఊళ్ళలో ఇళ్ళకు నేలలై పరుచుకున్నాయి. గనులలో, బండలకు మెరుగుపెట్టే కర్మాగారాలలో రాతిదుమ్ము నడుమ శ్రమించే కుటుంబాలకు పండుగ ఒక విశ్రాంతి. ఓళిగలో, చిత్రాన్నమో మూటకట్టుకొని ఇంటిల్లిపాదీ బయలుదేరితే చూడదగిన చోట్లకు కొదవ లేదు. రంగాపురం సమీపాన కొండల నడుమ మద్దిలేటి నరసింహస్వామి క్షేత్రం ఉంది. బనగానపల్లె వైపు వెళితే యాగంటి ఉమామహేశ్వరుని ఆలయం కనిపిస్తుంది. చుట్టూ బండలు మండుతున్నా యాగంటి కోనేటిలోకి కొండనుండి చల్లని నీరు వస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో ఆ నీటిని దోసిట పట్టినవారికే దాని విలువ తెలుస్తుంది.

బేతంచెర్లకు చేరువలోనే బిల్లసర్గం గుహలు ఉన్నాయి. 1844లో న్యూబోల్డ్ అనే సైనికాధికారి ఈ గుహలలోని ప్రాచీన జంతువుల ఎముకలను గురించి రాశాడు. ఆ రాతను చదివిన భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ నలభై ఏళ్ళ తరువాత, 1884 ప్రాంతంలో, తన కుమారునితో కలిసి ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. లభించిన ఎముకలలో ఖడ్గమృగానివి కూడా ఉన్నాయి. 1886లో ఆ ఖడ్గమృగానికి శాస్త్రజ్ఞులు కర్నూలు పేరు కలిసివచ్చేటట్లు నామకరణం చేశారు. ఒకరు చూసి రాసిన మాట మరొకరికి దారి చూపిందన్నమాట.

విహారాలవలెనే ఈ సీమలో పండుగలు కూడా ఇల్లు దాటి వెళతాయి. ఉగాదికి కన్నడదేశపు భక్తులు వందల కిలోమీటర్లు నడిచి, కర్నూలు సీమమీదుగా నల్లమల దాటి శ్రీశైలం చేరుకుంటారు. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి పసుపు, కుంకుమ, చీర తెస్తారు. దారిపొడవునా గ్రామాలవారు వారికి అన్నం పెట్టి, మజ్జిగ ఇచ్చి సేదతీరుస్తారు. దేవుని కడపలో అదే ఉగాదినాడు ముస్లింలు వేంకటేశ్వరస్వామి ఆలయానికి వచ్చి కానుకలు సమర్పిస్తారు. బీబీ నాంచారిని పెళ్ళాడిన స్వామి తమ ఇంటి అల్లుడని వారి విశ్వాసం. భాష వేరైనా, మతం వేరైనా వసంతం ఇక్కడ చుట్టరికం కలుపుతున్నది.

వసంతాన్ని ఇల్లు విడిచి వచ్చి ఆహ్వానించే ఆచారం ఇతర దేశాలలోనూ ఉంది. జపానులో దీనిని హనామి అంటారు. పూలను చూడటమని ఆ మాటకు అర్థం. మార్చి చివరనుండి సకురా చెట్లు విరబూస్తాయి. బంధుమిత్రులు ఆ చెట్లకింద చాపలు పరచుకొని, తెచ్చుకున్న భోజనం పంచుకొని తింటారు. ఒకనాడు ఇది రాజకుటుంబీకుల వేడుక. 18వ శతాబ్దిలో తొకుగవ యొషిమునే అనే పాలకుడు నేటి టోక్యో నగరంలో సామాన్యుల విహారంకోసం సకురా చెట్లను నాటించాడు. తకయామా పట్టణంలో ఏటా ఏప్రిల్ 14, 15 తేదీలలో అలంకరించిన ఎత్తైన రథాలతో వసంతోత్సవం జరుగుతుంది. జపానులో నివసించే తెలుగువారికి ఉగాది, సకురా తరచు కొద్దిరోజుల తేడాతోనే వస్తాయి. మంచును ఓర్వలేని వేప అక్కడ చాలా ప్రాంతాలలో పెరగదు. ఎండిన వేపపువ్వుతో పచ్చడి చేసుకొని, వారు సకురా చెట్లకిందికి నడుస్తారు.

జపానువారి వేడుకలో మనం నేర్వదగిన విశేషం ఒకటి ఉంది. క్యోటో నగరంలో రాజోద్యోగులు, సన్యాసులు పూలు చూడబోయిన రోజును తమ దినచర్యలలో రాసుకున్నారు. యసుయుకి అవోనో అనే ఆచార్యుడు ఆ పాత రాతలను వెదకి వరుసకట్టగా, 9వ శతాబ్దినుండి సకురా ఏ ఏడు ఎప్పుడు విచ్చుకుందో చాలావరకు తెలిసింది. 2021లో క్యోటోలో పూలు మార్చి 26ననే పూర్తిగా విచ్చుకున్నాయి. పన్నెండువందల ఏళ్ళ లెక్కలో అంతకుముందు అంత తొందరగా విచ్చిన ఏడు లేదు. భూతాపం, నగరాల వేడిమి ఇందుకు కారణాలని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ దినచర్యలు రాసినవారు విజ్ఞానంకోసం రాయలేదు. ఆనందించారు, మరచిపోకూడదని రాశారు. ఆ సంతోషమే నేటికి సాక్ష్యమయింది.

మన వేపపూతకు అటువంటి సాక్ష్యం ఏది? ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో రానున్న ఏటి వానలను గురించి వింటాం. గడిచిన ఏడు వేప ఎప్పుడు పూచిందో, ఊరిబావి ఎప్పుడు ఎండిందో ఎవరినడిగినా ఉజ్జాయింపుగానే చెబుతారు. తెలుగువారికి రాసే అలవాటు లేదని అనలేము. ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్టణంనుండి కాశీకి బయలుదేరి, కడప సీమ, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగుతూ, చూసిన ఊళ్ళను, దారులను, నీటివసతులను తేదీలతో సహా రాసుకున్నాడు. ఆనాటి జీవితం మనకు తెలుస్తున్నదంటే అది ఆయన కలం చలవ.

విద్యార్థులారా! ఈ వసంతంలో మీరూ విహారానికి వెళ్ళండి. గుహగోడలపై పేర్లు చెక్కకండి. కోనేటిలో చెత్త వేయకండి. తిరిగివచ్చాక మీ పుస్తకంలో ఒక పుట కేటాయించి, మీ వీధిలోని వేపచెట్టు తొలిపూత పూచిన తేదీని రాయండి. ఏటా రాయండి. ఈనాడు చిన్నదిగా తోచే ఆ ఒక్క వాక్యంకోసం రేపటితరం మీకు కృతజ్ఞత చెప్పుకుంటుంది.

అర్థాలు

మలయమారుతం = దక్షిణపు చల్లని గాలి
కొదవ = లోటు
ఆడపడుచు = ఇంటి ఆడబిడ్డ
ఓళిగలు = బొబ్బట్లు
ఉజ్జాయింపు = సుమారు అంచనా
భూతాపం = భూమి వేడెక్కడం

ప్రశ్నలు

1. రాయలసీమలో వసంతం ఏ విధంగా ప్రవేశిస్తుందో వివరించండి.
2. ‘వసంతం ఇక్కడ చుట్టరికం కలుపుతున్నది’ – ఈ వాక్యాన్ని సమర్థించండి.
3. క్యోటో దినచర్యలవల్ల కలిగిన ప్రయోజనం ఏమిటి?
4. మీ ఊరి పండుగను లేదా మీరు చేసిన విహారాన్ని తేదీలతో సహా ఒక పుటలో రాయండి.