ప్రశ్నలు - జవాబులు: కదలని తూకం

ప్రశ్న: నా వయసు 38, ఎత్తు 158 సెంటీమీటర్లు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ చేయించుకునే ముందు రోజు 102 కిలోలున్నాను. మొదటి పన్నెండు రోజుల్లో 6 కిలోలు తగ్గాను. ఆ తర్వాత ఎనిమిది రోజులుగా 96 దగ్గరే ఆగిపోయింది. పొద్దునా రాత్రీ తూచుకుంటున్నాను. ఒకరోజు 200 గ్రాములు పెరిగింది కూడా. రోజు మొత్తం మీద తాగేది రెండు గ్లాసుల రాగిజావ, పలచటి మజ్జిగ, కాస్త పప్పుకట్టు. ఆకలి అస్సలు లేదు కాబట్టి రాత్రి జావ కూడా మానేద్దామనుకుంటున్నాను. మా తోటికోడలి చెల్లెలు ఇదే ఆపరేషన్ చేయించుకుని నెలలో 12 కిలోలు తగ్గిందట. అప్పు చేసి మరీ చేయించుకున్న ఆపరేషన్ వృథా అయినట్టేనా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వృథా కాలేదు. కాకపోతే మీ ఉత్తరంలో నన్ను కంగారుపెట్టిన సంగతి ఒకటుంది, అది ఆ 96 కాదు. దాని దగ్గరికి వచ్చేముందు మీరు మురిసిపోయిన 6 కిలోల లెక్క చూద్దాం. మన కాలేయంలో, కండరాల్లో గ్లైకోజన్ రూపంలో పిండిపదార్థం 400, 500 గ్రాముల దాకా నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రామునీ అంటిపెట్టుకుని సుమారు 3 గ్రాముల నీరుంటుంది. తిండి ఒక్కసారిగా పడిపోయినప్పుడు శరీరం ముందుగా చెయ్యి పెట్టేది ఈ నిల్వ మీదే. అది పోతూ తన నీటిని కూడా వెంట తీసుకుపోతుంది. ఇన్సులిన్ తగ్గేసరికి మూత్రపిండాలు ఉప్పునీ, దాని వెంట మరికొంత నీటినీ వదిలేస్తాయి. అంటే ఆ ఆరు కిలోల్లో ఒకటిన్నర, రెండు కిలోలు కొవ్వే కాదు. మూడో వారానికి శరీరం కాస్త నిలదొక్కుకుని, పోగొట్టుకున్న నీటిలో కొంత మళ్ళీ నింపుకుంటుంది. అదే వారంలో నెలసరి వచ్చినా, నాలుగు రోజులు మలబద్ధకం ఉన్నా (ద్రవాహారం మీద ఉన్నవాళ్ళకి ఇది మామూలే) మరో కిలో అటూ ఇటూ అవుతుంది. మీ వయసుకీ బరువుకీ ఊరికే కూర్చున్నా రోజుకి 1,800 కేలరీల పైనే ఖర్చవుతాయి. మీరు తీసుకుంటున్నది 500 కూడా ఉండదు. కిలో కొవ్వులో ఉండేది సుమారు 7,700 కేలరీలు. ఆ ఎనిమిది రోజుల లోటు కూడి చూసుకోండి, కిలోకి పైగానే తేలుతుంది. మిషన్ మీద అది కనబడలేదంటే కరగడం ఆగిపోయిందని అర్థం కాదు. పోయినదాని చోట నీరు చేరింది, అంతే. ఆపరేషన్ తర్వాత రెండో వారానికీ ఐదో వారానికీ మధ్య ఇలా కొన్నాళ్ళు తూకం ఆగడం ఎంత సాధారణమంటే, చాలామంది డైటీషియన్లు డిశ్చార్జి రోజే దీని గురించి చెప్పి పంపుతారు.

ఇప్పుడు అసలు సంగతి. కిలోకి పైగా కరిగిందన్నాను గానీ, కరిగింది కొవ్వా, కండా అన్నది తూకం చెప్పదు. మీ తిండిని బట్టి మాత్రం చెప్పొచ్చు. గ్లాసు జావలో పడేది రెండు చెంచాల రాగిపిండి, అంటే ఇరవై గ్రాములు. అందులో ప్రొటీన్ ఒకటిన్నర గ్రాముకి మించదు. పలచటి మజ్జిగలో నీళ్ళే ఎక్కువ. పప్పుకట్టు అంటే పప్పు తీసేసిన నీళ్ళే కదా, పప్పులోని బలం గిన్నెలోనే మిగిలిపోతుంది. అన్నీ కలిపినా మీకు రోజుకి అందుతున్నది 10 గ్రాముల దగ్గర తేలుతుంది. ఈ ఆపరేషన్ తర్వాత రోజుకి కనీసం 60 గ్రాములు ఉండాలన్నది దాదాపు అన్ని దేశాల వైద్యసంఘాలూ చెప్పే మాట. ఒంట్లో ఇంత కొవ్వు పెట్టుకుని బయటి నుంచి ప్రొటీన్ ఎందుకని మీరు అడగొచ్చు. కొవ్వు నుంచి శక్తి వస్తుందే గానీ కండ కట్టడానికీ గాయం మానడానికీ కావాల్సిన అమినో ఆమ్లాలు రావు. కొవ్వుకున్నట్టు ప్రొటీన్‌కి శరీరంలో విడిగా గోదాము లేదు. నోటి ద్వారా రాకపోతే తొడల్లో, భుజాల్లో ఉన్న కండని విప్పి వాడుకుంటుంది. ఏడాదిలో పోయే కండలో సగానికి పైగా మొదటి మూడు నెలల్లోనే పోతుందని 2022లో వెలువడిన ఒక విస్తృత సమీక్ష తేల్చింది. కండ తగ్గినకొద్దీ శరీరం ఊరికే ఖర్చు చేసే కేలరీలు తగ్గుతాయి. రెండేళ్ళ తర్వాత బరువు తిరిగి రాకుండా కాపాడాల్సింది ఆ కండే. రాత్రి జావ మానేస్తే తూకం రేపే కదలొచ్చు, కానీ అలా కదిలినందుకు మీరు సంతోషించాల్సిన పని లేదు.

ఆకలి లేదన్నారు. ఉండదు కూడా. స్లీవ్‌లో జీర్ణకోశంలో నూటికి 75, 80 వంతులు తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా ఊరేది ఆ తీసేసిన భాగంలోనే. దానికితోడు ఆహారం త్వరగా పేగుల్లోకి దిగడం వల్ల కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెరుగుతాయి. కాబట్టి ఈ కొన్ని నెలలు ఆకలిని నమ్ముకుని తినడానికి వీల్లేదు. గడియారం చూసుకుని తినాలి.

తూకం ఆగిందని కంగారుపడొద్దన్న మాటకి గట్టి అభ్యంతరమే ఒకటుంది. మొదటి మూడు నెలల్లో బాగా తగ్గినవాళ్ళే ఏడాది, రెండేళ్ళ తర్వాత కూడా ఎక్కువ తగ్గి ఉంటున్నారని పరిశోధనలు చెబుతున్నాయి కదా, మరి తూకం పట్టించుకోవద్దంటే ఎలా? నిజమే, ఆ పరిశోధనలు ఉన్నాయి, తప్పు కూడా కాదు. అయితే అవి చూసినది నెలల లెక్క, వందలమంది సగటు. ఒక మనిషి ఎనిమిది రోజుల తూకం గురించి అవి ఏమీ చెప్పవు. మూడు నెలలకి నిజంగానే తక్కువ తగ్గితే చేయాల్సింది డైటీషియన్‌ని, సర్జన్‌ని కలిసి తిండి, మందులు, థైరాయిడ్ వగైరా చూపించుకోవడం. కడుపు మాడ్చుకోమని ఆ పరిశోధనల్లో ఎక్కడా లేదు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఆపరేషన్ అయినవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించిన ఎస్‌ఓఎస్ అధ్యయనంలో బరువు అట్టడుగుకి చేరింది ఏడాదికీ రెండేళ్ళకీ మధ్య. గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెకి చేసేది కాదు, బరువు తగ్గడానికి చేసే మరో ఆపరేషన్) అయినవాళ్ళు అప్పటికి సగటున నూటికి 32 వంతులు తగ్గి, పదేళ్ళ నాటికి 25 వంతుల దగ్గర నిలబడ్డారు. అంత నిడివి ఉన్న లెక్కలో మూడో వారం ఏపాటిది!

తోటికోడలి చెల్లెలి మాటకొస్తే, ఆవిడ ఎంత బరువు నుంచి మొదలుపెట్టారో మీరు రాయలేదు. 140 కిలోల మనిషికి నెలలో 12 కిలోలు, 102 కిలోల మనిషికి 8 కిలోలు ఇంచుమించు ఒకటే. ఇంకో మెలిక కూడా ఉంది. కాలేయం కాస్త కుదించుకుంటే కెమెరాతో చేసే ఆపరేషన్ సులువవుతుందని చాలాచోట్ల ముందు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం మీద ఉంచుతారు. కొందరు ఆ రెండు వారాల్లో పోయిన నీటిబరువుని కూడా ఆపరేషన్ ఖాతాలో వేసుకుని చెబుతుంటారు.

ఆపరేషన్ పనిచేస్తోందో లేదో చెప్పే గుర్తులు తూకం కాక వేరే ఉన్నాయి. అమెరికాలోని నార్త్ కరొలినాలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్ 1995లో, బైపాస్ చేయించుకున్న 608 మంది వివరాలు ప్రచురించారు. వాళ్ళలో టైప్-2 మధుమేహం ఉన్నవాళ్ళలో నూటికి 80 మందికి పైగా చక్కెర మామూలు స్థాయికి వచ్చి అలాగే నిలిచింది. ఆశ్చర్యమేమిటంటే చాలామందిలో అది బరువు తగ్గాక కాదు, ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే మొదలైంది. స్లీవ్ తర్వాత కూడా చక్కెర త్వరగా దిగడం కనిపిస్తుంది. మీకు షుగర్, బీపీ ఉన్నాయో లేదో రాయలేదు. ఉంటే పాత మోతాదులో మాత్రలు వేసుకోవడం ప్రమాదం. డాక్టరుకి చెప్పి మార్పించుకోండి, సొంతంగా మానేయకండి.

కాబట్టి మిషన్‌ని అటక మీద పెట్టించండి. వారానికొకసారి, ఒకే రోజు, ఒకే వేళ, పొద్దున్నే పరగడుపున దింపి చూసుకోండి. రోజూ లెక్కపెట్టాల్సినవి వేరు. మొదటిది నీళ్ళు, మజ్జిగ, పాలు అన్నీ కలిపి లీటరున్నర. టానిక్ సీసాకి వచ్చే 30 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ కప్పుతో కొలిస్తే అది యాభై కప్పులు, అంటే మెలకువగా ఉన్నంతసేపూ పావుగంటకో కప్పు. గటగటా తాగితే ఛాతీలో పట్టేసినట్టుంటుంది. రెండోది ప్రొటీన్. పావులీటరు పాలలో 8 గ్రాములు ఉంటుంది. పాలలో డాక్టరు రాసిచ్చిన ప్రొటీన్ పౌడరు ఒక స్కూపు కలిపితే మరో 20 దాకా వస్తుంది. ఆ గ్లాసుని గంటన్నరసేపు చప్పరించండి, రాత్రి జావ స్థానంలో పెట్టాల్సింది అదే. కట్టు బదులు పప్పునే మెత్తగా మిక్సీ పట్టి పలచగా చేసుకోండి. మెత్తటి ఆహారం మొదలుపెట్టమన్నాక పెరుగు, పనీరు, సగం ఉడికించిన గుడ్డు. అన్నం ఇప్పుడే వద్దు, ముద్ద కట్టి అడ్డం పడుతుంది. విటమిన్లు, బీ12, కాల్షియం జీవితాంతం వాడాలి. కాల్షియం, ఐరన్ ఒకేసారి వేసుకోకండి, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉంచండి. మూడో నెలకి జుట్టు ఊడటం మొదలవ్వొచ్చు. చాలామందికి తిరిగి వస్తుంది.

నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరంతో కడుపునొప్పి ఎడమ భుజానికి పాకినా, ఆయాసం వచ్చినా, ఒక కాలి పిక్క వాచినా ఇలాంటి ఉత్తరాలు రాస్తూ కూర్చోకూడదు. వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

ప్రశ్న: మా అమ్మాయికి హైదరాబాదులో బైపాస్ చేయించి ఐదు వారాలైంది. పది రోజులుగా ఏది తాగినా వాంతి అవుతోంది. 17 కిలోలు తగ్గిందని చుట్టాలంతా మెచ్చుకుంటున్నారు గానీ పిల్లకి ఓపిక లేదు, అరికాళ్ళు మంటలంటోంది. సగ్గుబియ్యం జావ, కొబ్బరినీళ్ళు ఇస్తున్నాం. ఇక్కడి ఆర్‌ఎంపీ గారు రెండు గ్లూకోజ్ సీసాలు ఎక్కిస్తే తేరుకుంటుందంటున్నారు. ఎక్కించమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: ఈ ఉత్తరం పత్రిక అచ్చయ్యేదాకా ఆగేది కాదు కాబట్టి ఈమెకి ముందే ఫోన్‌లో చెప్పాం. ఇదే పరిస్థితిలో ఉన్న మరొకరి కోసం ఇక్కడ వేస్తున్నాం. ఎక్కించొద్దమ్మా, బీ1 ఇంజెక్షన్ ఇవ్వకుండా ఒక్క సీసా కూడా వద్దు. థయమిన్ అనే బీ1 విటమిన్ మన ఒంట్లో రెండు మూడు వారాలకి సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. పది రోజుల వాంతులకి అది అడుగంటుతుంది. గ్లూకోజ్‌ని శరీరం వాడుకోవాలంటే బీ1 కావాలి. ఖాళీ అయిన ఒంట్లోకి ఉత్త గ్లూకోజ్ పంపిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు రెండుగా కనిపించడం, నడక తూలడం, మాట తడబడి మతి స్థిమితం తప్పడం దాని గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి పోయి తిరిగి రాకపోవచ్చు. అరికాళ్ళ మంటలు నరాలకి సంబంధించిన తొలి హెచ్చరిక కావొచ్చు.

నీరసమంటే సెలైన్ అనే అలవాటు మన ఊళ్ళలో ఎంత పాతుకుపోయిందో తెలిసిందే. మామూలు మనిషికి దాంతో పెద్దగా నష్టం లేకపోవచ్చు గానీ ఈ ఆపరేషన్ అయినవాళ్ళ సంగతి వేరు. సగ్గుబియ్యం ఉత్త పిండి, అందులో బీ1 గానీ ప్రొటీన్ గానీ లేనట్టే. మరపట్టిన తెల్లబియ్యం తిని ఇదే విటమిన్ లోపంతో బెరిబెరి పాలైన ప్రాంతంగా ఒకప్పటి మద్రాసు రాజధానిలో పేరుపడింది మన కోస్తా జిల్లాలే. ఉప్పుడు బియ్యం తినేచోట్ల ఆ జబ్బు అంతగా కనబడలేదు. అప్పుడు దానికి కారణం పేదరికం, బియ్యం మర. ఇప్పుడదే లోటు ఆపరేషన్ బల్ల దిగినవాళ్ళలో కనిపిస్తోంది, చుట్టాలు మెచ్చుకుంటుండగానే.

ఐదు వారాల్లో 17 కిలోలు మంచి అంకెలా వినిపించినా, వాంతులతో పోయిన బరువుని ఆపరేషన్ ఫలితంగా లెక్కించకూడదు. ఇన్ని రోజులు వాంతులయ్యాయంటే కుట్లు వేసిన చోట దారి ఇరుకై ఉండొచ్చు. ఎండోస్కోపీలో చూసి, ఇరుకుంటే అప్పుడే బెలూన్‌తో వెడల్పు చేస్తారు. ఆపరేషన్ చేసిన చోటికి ఇవాళే తీసుకెళ్ళండి. దూరమైతే దగ్గరి పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్ళి, డిశ్చార్జి సమ్మరీ చేతికిచ్చి, బైపాస్ అయిందనీ, పది రోజులుగా వాంతులనీ, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ ఇవ్వమనీ మీరే అడగండి. రక్తంలో పొటాషియం, మెగ్నీషియం కూడా చూడమనండి. పిల్ల వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి వెంట తీసుకెళ్ళండి. అందులో షుగర్ మాత్రలు గానీ నొప్పి మాత్రలు గానీ ఉంటే ఆ విషయం ముందుగా చెప్పండి.