నొప్పి అందరిదీ ఒకటి కాదు

నరసన్నపేట దగ్గర ఒక పల్లె. ఉభాల కాలం.

కోడలు పొద్దున్నుంచి వంగి నారు నాటింది. సాయంత్రం నడుం పట్టుకుని కూలబడింది. అత్త అరుగు మీద మోకాళ్లు రాసుకుంటోంది. కొడుక్కి తుంటి నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టు లాగుతోంది.

"షాపులో నొప్పి బిళ్లలు తెస్తాను. తలో ఒకటి ఏసుకుందాం" అన్నాడు కొడుకు.

అప్పుడే నర్సమ్మ వచ్చింది.

"ఆగు బాబూ! ముగ్గురివి మూడు నొప్పులు. ఒకే బిళ్ల ఏటి?" అంది.

ఆమె ఇలా చెప్పింది.

వెన్ను ఒకే ఎముక కాదు. పుట్టినప్పుడు 33 పూసలుంటాయి. పెరిగేకొద్దీ అడుగు పూసలు అతుక్కుంటాయి. అప్పుడు 26 ఎముకలవుతాయి. పూసల మధ్య మెత్తటి డిస్కులుంటాయి. పక్కల నుంచి నరాలు బయటికొస్తాయి.

కోడలిది కండరాల నొప్పి. ఎక్కువసేపు వంగితే వస్తుంది. మధ్యమధ్యలో నిటారుగా నిలబడాలి. నొప్పి ఉందని మంచానికే అతుక్కుపోకూడదు. మెల్లగా నడుస్తుంటే తగ్గుతుంది.

అత్తది కీళ్ల అరుగుదల. వయసు మీద పడితే ఎక్కువమందికి వస్తుంది. తొడలకు బలమిచ్చే వ్యాయామం చేస్తే మోకాళ్లకు సుఖం.

కొడుకుది నరం నొప్పి. డిస్కు జరిగి నరాన్ని నొక్కితే ఇలా లాగుతుంది.

"కాలు మొద్దుబారిందా బాబూ?" అడిగింది నర్సమ్మ.

"అవునమ్మా. చెప్పు జారిపోయినా తెలీడం లేదు."

"అయితే ఆలస్యం చెయ్యకు. రేపే డాక్టరుకి చూపించు. ఈలోగా మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా, రాత్రని చూడక 108కి ఫోన్ చెయ్యండి."

"మరి ఈ బిళ్లలో?" అంది అత్త.

"డాక్టరు చెప్పకుండా రోజూ మింగితే కడుపులో పుండ్లు పడతాయి. కిడ్నీలు దెబ్బతింటాయి. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్లు ఏడుస్తున్నాయో తెలుసు కదా! ఆ జబ్బుకి అసలు కారణం ఇంకా పూర్తిగా తేలలేదు. దానికోసమే 2023లో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. ఉన్న కిడ్నీలను మనమే పాడుచేసుకుంటామా?"

మర్నాడు పొద్దున్నే కోడలు ఉభాలకు వెళ్లలేదు. ఆ రోజు కూలి పోయింది. భర్తను తీసుకుని ఆసుపత్రికి బయలుదేరింది.

గుర్తుంచుకోండి

వెన్నునొప్పితో పాటు ఇవి ఉంటే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలి:
కాలు మొద్దుబారడం, బలం తగ్గడం.
మూత్రం ఆగిపోవడం, తెలియకుండా పోవడం.
జ్వరం, బరువు తగ్గడం. ఇది వెన్ను క్షయ కావచ్చు. క్షయకు సర్కారు ఆసుపత్రిలో మందులు ఉచితం.
చిన్నపిల్లలకు వెన్నునొప్పి తగ్గకపోయినా చూపించాలి.

ప్రశ్నలు

1. ముగ్గురి నొప్పులకు కారణాలు ఏమిటి?
2. కొడుకు ఎందుకు ఆలస్యం చెయ్యకూడదు?
3. మీ ఇంట్లో నొప్పి బిళ్లలు రోజూ వేసుకునేవారు ఉన్నారా? వారికి ఏం చెబుతారు?