రాతిబాటపై పందెము

ఫ్రాన్సు దేశపు ఉత్తరభాగమున పారిస్-రూబే అను సైకిలు పందెము 1896వ సంవత్సరమున మొదలయ్యెను. పొలముల నడుమ ఎగుడుదిగుడు రాళ్లు పరచిన బాటలవలననే దానికి ఖ్యాతి కలిగెను. అయినను 125 ఏండ్లపాటు స్త్రీలకు అచ్చట పందెము లేకుండెను.

2021 అక్టోబరు 2వ తేదీన స్త్రీల తొలి పందెము జరిగెను. దూరము సుమారు 116 కిలోమీటర్లు. అందు 29 కిలోమీటర్లు రాతిబాట. ఆ దినమున బాట బురదమయము. ఇంగ్లండు వనిత లిజ్జీ డైగ్నన్, గమ్యము ఇంకను 80 కిలోమీటర్లకు పైగా ఉండగనే ముందునకు సాగి, కడవరకు ఒంటరిగా తొక్కి గెలిచెను. సైకిలు పిడిపై ఆమె చేతుల నెత్తురు కనబడెను.

ఆమెకు వచ్చిన బహుమానము 1,535 యూరోలు. మరునాడు 258 కిలోమీటర్ల పందెమున గెలిచిన పురుషునికి 30,000 యూరోలు. లెక్క వేసి చూడుడు: దూరము సగమునకు కొంచెము తక్కువ; బహుమానమో, దాదాపు ఇరువదవ వంతు!

రాళ్లు స్త్రీపురుష భేదము నెరుగవు. తలుపు తెరచుట మేలే. లోనికి వచ్చినవారికి సమముగా వడ్డించినగాని న్యాయము నెరవేరదు. ఆడుపిల్లలను బడికి పంపు తలిదండ్రులును, వారికి చదువు చెప్పు మేమును ఈ లెక్కను మరువరాదు.