బీటెక్ నుంచి నేరుగా పీహెచ్‌డీ: నేను ఆలస్యంగా చదివిన రూల్స్

ఏడో సెమిస్టర్ ఫలితాలు వచ్చిన రోజు, మా ల్యాబ్‌లో ఎంటెక్ చేస్తున్న అక్కతో "నేను పీహెచ్‌డీకి వెళ్దామనుకుంటున్నా" అన్నాను. "మంచిదే తమ్ముడూ, మరి రూల్స్ చదివావా?" అంది. చదవలేదు. ఆ రాత్రే కూర్చుని యూజీసీ 2022 నిబంధనలు చదివాను. అందులో మనకి పనికొచ్చేవి ఇవి.

ప్రవేశం. దారులు రెండు. ఒకటి, ఎంటెక్‌లో 55 శాతం. రెండోది, నాలుగేళ్ళ డిగ్రీతోనే నేరుగా చేరడం, దానికి 75 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ (నాన్ క్రీమీలేయర్), ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ విద్యార్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది. అర్హత ఉన్నంతమాత్రాన సీటు రాదు. ఆ తర్వాత ప్రవేశ పరీక్షో గేట్ స్కోరో, ఇంటర్వ్యూ ఉంటాయి. ఐఐటీలకు వాటి సెనేట్ రూల్స్ వేరు, ఒక్కో డిపార్ట్‌మెంట్‌ది ఒక్కో కటాఫ్. కాబట్టి ప్రకటన పూర్తిగా చదవాల్సిందే.

ఇక్కడే నా గుండె జారింది. మన కాలేజీలో శాతం లెక్క తెలుసుగా: సీజీపీఏలోంచి 0.5 తీసేసి 10తో గుణించాలి. అంటే 75 శాతానికి 8.0 ఉండాలి. నాది 7.8, అంటే 73 శాతం. అన్ని సెమిస్టర్లకీ క్రెడిట్లు సమానమనుకుంటే, 8.0 చేరడానికి ఆఖరి సెమిస్టర్‌లో 9.4 రావాలి. రెండో ఏడాదిలో "పాసైతే చాల్లే" అని వదిలేసిన రెండు సబ్జెక్టులు గుర్తొచ్చాయి.

డిగ్రీ రావాలంటే. కనీసం 12 క్రెడిట్ల కోర్స్‌వర్క్, అందులో 55 శాతం. ప్రతి సెమిస్టర్‌లో సలహా సంఘం ముందు పని చూపించాలి. మొత్తం వ్యవధి కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠం 6. రీరిజిస్ట్రేషన్‌తో ఇంకో 2. మహిళలకూ, 40 శాతం పైన వైకల్యం ఉన్నవారికీ మరో 2 ఏళ్ళు అదనం. థీసిస్‌ని కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు, తర్వాత వైవా. పాత 2016 నిబంధనల్లోని జర్నల్ పేపర్ షరతు ఇప్పుడు లేదు. కానీ చాలా సంస్థలు సొంతంగా పెట్టుకున్నాయి, చేరే ముందే అడగండి.

డబ్బు. "ఉద్యోగం వదిలేసి ఇంకా చదువా?" అన్నారు నాన్న. ఐఐటీల్లాంటి కేంద్ర సంస్థల్లో 2023 నుంచి ఫెలోషిప్ మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలని చెప్పాను. కాసేపు ఆగి, "అయితే మా దగ్గర అడగవన్నమాట" అన్నారు. దాన్ని అనుమతి కిందే లెక్కేసుకున్నాను.

ఇప్పుడు నా ప్లాన్: 9.4 కోసం ప్రయత్నిస్తా. రాకపోతే గేట్ రాసి ఎంటెక్, అక్కడి నుంచి పీహెచ్‌డీ. రెండేళ్ళు ఎక్కువ పడుతుంది, అంతే.

జూనియర్లూ, గేట్ మూడో ఏడాదిలోనే రాయొచ్చు, స్కోరు 3 ఏళ్ళు చెల్లుతుంది. పరిశోధన మీద కాస్త ఆశ ఉన్నా సరే, ఈ రాత్రే మీ సీజీపీఏ లెక్క చూసుకోండి. మీకింకా సెమిస్టర్లున్నాయి. నాకు ఒక్కటే మిగిలింది.