డెంకణికోట వైపు పనికి వచ్చే కుటుంబాలు: సంఘాలలో చదువుకొనదగిన పాఠం



ఈ సంచికలో పాఠంగా మేము కూలి, జీతం, బాడుగ, కాగితాలు అనే సంగతులను తీసుకొన్నాము. క్రొత్తగా వచ్చిన కుటుంబం మన సంఘాలలో మొదట అడిగే మాట "అయ్యా, ఇక్కడ పని దొరుకుతుందా?" అనేదే గదా. స్థిరపడిన మనము "దొరుకుతుంది, రండి" అని సులువుగా చెప్పేస్తాము. ఆ ఒక్క మాట నమ్మి ఒక కుటుంబం చేను కౌలుకిచ్చి, పిల్లల టి.సి.లు తీసుకొని, సామాను లారీలో వేసుకొని బయలుదేరుతుంది. గనుక ఆ మాట చెప్పే ముందు మనకు ఏమి తెలిసి ఉండాలో చూద్దాము. మా అభిప్రాయం ముందే చెబుతున్నాము. ఈ ప్రాంతంలో పని ఉన్నది. అయితే పని కుదిరి, కాగితం చేతికి వచ్చిన తరువాత ఇల్లు కదలవలెను గాని, ఇల్లు కదిలించుకొని వచ్చి పని వెదకకూడదు.

ఈ మూల ఎట్టిది

చెన్నపట్నం నుండి చూచేవారికి డెంకణికోట రాష్ట్రపు ఉత్తరపు కొనలో, కర్ణాటక సరిహద్దున, అడవి అంచున ఉన్న దూరపు తాలూకా. ఒకప్పుడు సేలం జిల్లాలో ఉండేది. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 2004లో కృష్ణగిరి జిల్లాలోనికి వచ్చింది. తాలూకా కేంద్రమైన డెంకణికోటకు రైలు లేదు. హోసూరు సుమారు 25 కిలోమీటర్లు, అక్కడ నుండి బెంగుళూరు మరి 40 కిలోమీటర్లు. తళి, కెలమంగళం, జవళగిరి, అంచెట్టి వైపు పల్లెలలో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినబడతాయి. ఇక్కడి తెలుగు మనము తెచ్చినది కాదు, తరతరాలుగా ఈ నేలమీద ఉన్నదే. మదనపల్లె నుండి వచ్చినవాడు సంతలో తన మాట విని, "ఇది మన ఊరే" అనుకుంటాడు. ఆ సంతోషంలోనే చిక్కు ఉన్నది. సంత తెలుగులో సాగుతుంది గాని, తాలూకా ఆఫీసు, పోలీసు స్టేషను, బ్యాంకు ఫారము తమిళంలో సాగుతాయి.

ఈ కొనకు పరిశ్రమ ఎలా వచ్చింది? తమిళనాడు ప్రభుత్వం 1971లో సిప్‌కాట్ సంస్థను స్థాపించింది. ఆ దశాబ్దంలోనే హోసూరులో పరిశ్రమల కొరకు స్థలాలు సిద్ధపరచింది. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్ లారీల ఫ్యాక్టరీ, టి.వి.ఎస్. మోపెడ్ల ఫ్యాక్టరీ వచ్చాయి. తరువాత అదే దశాబ్దంలో టైటాన్ గడియారాల ఫ్యాక్టరీ వచ్చింది. వాటికి విడిభాగాలు చేసే చిన్న షెడ్లు వీధి వీధినా లేచాయి. 2019లో హోసూరు నగరపాలక సంస్థ అయింది. 2020 తరువాత టాటా ఎలక్ట్రానిక్స్ వారి ఫోను భాగాల ఫ్యాక్టరీ రావడంతో పని హోసూరు దాటి పల్లెల వైపు జరిగింది. అందులో పనిచేసేవారిలో ఎక్కువమంది యౌవన స్త్రీలు. మన సంఘాలలో ఇంటర్మీడియెటు అయిన ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు ఇప్పుడు ఎక్కువగా ఈ కొత్త ఫ్యాక్టరీల గురించే.

కంపెనీ గేటు దగ్గర

"కంపెనీలో ఉద్యోగం" అన్న మాటకు ఇక్కడ మూడు అర్థాలున్నాయి. కంపెనీ తన పేరుమీద తీసుకొన్న పర్మనెంటు ఉద్యోగం ఒకటి. కాంట్రాక్టరు పేరుమీద, అదే గేటులో, అదే యంత్రం దగ్గర చేసే ఉద్యోగం రెండవది. అప్రెంటిసు శిక్షణ మూడవది. బయటికి ముగ్గురి యూనిఫారమూ దాదాపు ఒకటే. ఊరికి వెళ్ళిన పిల్లవాడు "నేను ఫలానా కంపెనీలో ఉన్నాను" అంటాడు. అబద్ధం కాదు, అయితే పూర్తి నిజమూ కాదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టం ప్రకారం అప్రెంటిసు శిక్షణ పొందేవాడేగాని కార్మికుడు కాడు. అతనికి వచ్చేది స్టైపెండు. కాలం ముగిసిన తరువాత ఉద్యోగంలోనికి తీసుకోవాలన్న నిర్బంధం సాధారణంగా ఉండదు. అందుకని ఆ దారి చెడ్డదని మేము అనడం లేదు. ఐ.టి.ఐ. చదివిన పిల్లవానికి ఒక సంవత్సరం మంచి ఫ్యాక్టరీలో శిక్షణ అయితే, ఆ సర్టిఫికేటు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. పెండ్లి కుదుర్చుకొనేవారు, అప్పు తీసుకొనేవారు మాత్రం దానిని ఉద్యోగమని లెక్క వేసుకోకూడదు.

మధ్యవర్తి చెప్పే జీతం ఎప్పుడూ పెద్దదిగా ఉంటుంది. నెలకు 18,000 అన్నాడనుకుందాం. అందులో మూలవేతనం 12,000 అయితే, ప్రావిడెంటు ఫండు 12 శాతం చొప్పున 1,440 కోసుకుంటారు. ఇ.ఎస్.ఐ. మొత్తం జీతంమీద ముప్పావు శాతం, అంటే 135 రూపాయలు. చేతికి వచ్చేది 16,425. హాస్టలు, భోజనం, బస్సు కోత ఉంటే ఇంకా తగ్గుతుంది. కొందరు యజమాని వాటాను కూడా కలిపి జీతంగా చెబుతారు. అప్పుడు తేడా మరీ పెద్దది. "చేతికి ఎంత?" అన్న ఒక్క ప్రశ్న వేస్తే సగం మాటలు ఆగిపోతాయి. ఈ కోతలను చూచి భయపడవద్దని కూడా చెప్పాలి. ఫండు డబ్బు మనదే. ఇ.ఎస్.ఐ. ఉంటే భార్యాపిల్లల వైద్యానికి కూడా ఆధారం ఉంటుంది. నెలకు 21,000 వరకు జీతమున్నవారికి ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. కోతలేమీ లేకుండా మొత్తం చేతికిస్తామనే కాంట్రాక్టరు ఉపకారం చేస్తున్నట్టు కనబడతాడు గాని, ప్రమాదం జరిగిన రోజున ఆ కుటుంబానికి నిలువ నీడ ఉండదు.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన క్రొత్త కార్మిక సంహితల ప్రకారం ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇవ్వవలెను. అడగడం మన హక్కు. పత్రంలో ఎవరి పేరున్నదో చూడాలి, కంపెనీదా, కాంట్రాక్టరుదా అని. ఇక ఉద్యోగం ఇప్పిస్తానని డిపాజిట్టు, యూనిఫారం ఖర్చు, "సార్‌కు ఇవ్వాలి" అంటూ డబ్బు అడిగే మనిషి మన సంఘస్థుడైనా సరే, అక్కడితో మాట ముగించవలెను.

పేర్ల చిక్కు గురించి కొంచెం ఎక్కువగా చెప్పవలసి ఉన్నది. ఆంధ్రలో ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరం చాలు. మనవారికి బడిలో ఒక పేరు, బాప్తిస్మమప్పుడు ఒక పేరు, ఆధారులో రెండూ కలిపిన పేరు ఉండడం మామూలే. ఉద్యోగంలో చేరే రోజున గుమాస్తా ఏదో ఒకటి ఎక్కించేస్తాడు. అయిదేండ్ల తరువాత ఫండు డబ్బు తీసుకోబోతే ఆధారుకు, బ్యాంకు పుస్తకానికి, ఫండు ఖాతాకు పొంతన కుదరదు. కంపెనీ మారినప్పుడు పాత యు.ఎ.ఎన్. నంబరు చెప్పక క్రొత్త నంబరు పుట్టించుకొన్నవారి పని ఇంకా కష్టం. ఊరు వదలక ముందే ఆధారు, పదవ తరగతి సర్టిఫికేటు, బ్యాంకు పుస్తకం ఈ మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకటిగా సరిచేయించుకొని రావాలి. స్వంత ఊరిలో రెండు రోజుల పని ఇక్కడ నుండి తిరిగి వెళ్ళి చేయించాలంటే వారం కూలి పోతుంది.

తోట పని, రాతి పని

చదువు లేనివారికి తోటలు ఉన్నాయి. హోసూరు, తళి వైపు పాలీహౌసుల్లో గులాబీలు పెంచుతారు. ఫిబ్రవరి 14కు ముందు కొన్ని వారాలు విదేశాలకు వెళ్ళే పూల కొరకు రాత్రింబగళ్ళు పని ఉంటుంది. ఆ వారాల కూలి చూచి సంవత్సరమంతా అంతే వస్తుందని లెక్క వేయరాదు. రాయకోట టమాటా, తళి చుట్టుప్రక్కల కూరగాయలు ధరను బట్టి సాగుతాయి. ధర పడిపోయిన వారం కోసేవారిని పిలవరు. పాలీహౌసులో మందు చల్లిన తరువాత ఎన్ని గంటలకు లోపలికి వెళ్ళవచ్చునో అడగడం, ముఖానికి ముసుగు, చేతులకు తొడుగులు అడగడం సిగ్గుపడవలసిన సంగతి కాదు.

గ్రానైటు క్వారీల గురించి మేము నిష్కర్షగా చెప్పదలచినాము. కూలి ఎక్కువే. కాని పొడి దుమ్ములో రాయి తొలిచేవారికి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. దానికి నయమయ్యే మందు లేదు. నీళ్ళు పోసి తొలిస్తే దుమ్ము చాలావరకు అణగుతుంది. అట్లు చేయని చోటికి మన పిల్లలను పంపవద్దు. క్వారీలకు, ఇటుక బట్టీలకు మేస్త్రీ ముందుగా అడ్వాన్సు ఇచ్చి కుటుంబాన్ని తీసుకొని వెళ్ళడం పాత అలవాటు. ఆ అప్పు తీరేదాకా కదలకూడదని ఎవరైనా ఆపితే అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అట్టి అప్పు చెల్లదు. హోసూరు సబ్ కలెక్టరుకు గాని, కృష్ణగిరి కలెక్టరుకు గాని ఫిర్యాదు చేయవచ్చును.

ఇది మన చరిత్రకు తెలియని సంగతి కాదు. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి నాటాలుకు వెళ్ళిన తెలుగు కూలీలు అయిదేండ్ల ఒప్పందాలకు కట్టుబడి వెళ్ళారు. చదవలేని కాగితానికి వేలిముద్ర వేసినవారు వారిలో ఎందరో. వారి మధ్య పనిచేయుటకు 1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు వెళ్ళినప్పుడు కియర్స్‌నీ తేయాకు తోటలలో తెలుగు సంఘం ఏర్పడింది. ఆ కాగితం చదివి వినిపించే మనిషి రేవులోనే ఉండి ఉంటే ఎంత బాగుండేదో. ఈనాడు మేస్త్రీ కాగితం ఫోనులో వస్తున్నది, అంతే తేడా.

సర్కారు ఉద్యోగం, పిల్లల చదువు

ఆశ పెట్టుకొని వచ్చి నిరాశ పడేది ఇక్కడ. తమిళనాడు సర్కారు ఉద్యోగ పరీక్షలకు 2021 డిసెంబరు నాటి ఉత్తర్వుతో తమిళ భాషా పరీక్ష తప్పనిసరి అయింది. అందులో 40 శాతం మార్కులు రానివారి మిగతా పేపర్లు దిద్దరు. గనుక ఇక్కడ స్థిరపడదలచినవారు పిల్లలకు తమిళం నేర్పించి తీరాలి. ఇంట్లో తెలుగు చదవడం దీనికి అడ్డు కాదు. మూడు భాషలు మాట్లాడే పిల్లలు ఈ తాలూకాలో కొల్లలు. 2006 చట్టం వలన బడులలో తమిళం తప్పనిసరి పాఠం అయింది. ఎనిమిది, తొమ్మిది తరగతుల మధ్య ఆంధ్ర నుండి తెచ్చిన పిల్లవాడు ఏమి చేయాలో బయలుదేరక ముందే ప్రధానోపాధ్యాయుణ్ణి అడగాలి. ఈ వైపు తెలుగు మీడియం బడులు ఉన్నాయి. ఏ బడిలో ఏ తరగతి దాకా ఉన్నదో కనుక్కోవడం సంఘస్థులకు ఒక ఉదయపు పని.

కుల ధ్రువపత్రం గురించి కూడా అపోహ ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారికి బి.సి. 'సి' వర్గం. తమిళనాడు కూడా అట్టివారిని వెనుకబడిన తరగతులలో చేర్చింది. రెండు చోట్లా ఉన్నది గదా అని ఆంధ్ర పత్రం చూపి ఇక్కడి ప్రభుత్వ ఉద్యోగంలో రిజర్వేషను అడిగితే కుదరదు. వలస వచ్చినవారికి ఆ హక్కు స్వంత రాష్ట్రంలోనే. ఇది తెలియక దరఖాస్తులు పెట్టి, వయసు దాటబెట్టుకొనేవారున్నారు.

సంఘం చేయగలిగినది

సంఘం ఉద్యోగాల ఏజెన్సీ కాకూడదని మా మనవి. ఎవరి అప్పుకూ జామీను నిలబడవద్దు. మనము చేయగల పనులు చిన్నవి, అయితే బయటివాడు చేయలేనివి. ఇంటి పెద్దను ముందు ఒంటరిగా రమ్మనండి. పది పదిహేను రోజులు ఎవరి ఇంట్లోనో ఒక గది ఇవ్వండి. ఫ్యాక్టరీలో ఉన్న మన సహోదరుడు తన పేస్లిప్పు అతనికి చూపించి వరుస వరుస వివరించనివ్వండి. పాత సంఘం ఇచ్చిన బదిలీ పత్రిక ఉద్యోగానికి పనికిరాదు గాని, ఆ సంఘ కాపరికి ఒక ఫోను చేయడానికి పనికి వస్తుంది. జాతీయ ఆహార భద్రతా చట్టం క్రింద ఉన్న రేషను కార్డు అయితే 2020 అక్టోబరు నుండి ఇక్కడి దుకాణంలోనూ బియ్యం తీసుకొనవచ్చును. ఆ మొదటి నెల అదే పెద్ద సహాయం.

బాడుగ ఇల్లు చూపించేటప్పుడు కంపెనీ బస్సు ఎక్కడ ఆగుతుందో ముందు చూడండి. రెండవ షిఫ్టు ముగిసే వేళకు పల్లెలకు బస్సులు ఉండవు. రాగి కోతల కాలంలో, చలి నెలలలో బన్నేరుఘట్ట వైపు నుండి ఏనుగులు జవళగిరి, డెంకణికోట అడవులకు వస్తాయి. చీకటిలో, తెల్లవారుజామున కాలినడకన వెళ్ళేవారు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలున్నాయి. బాడుగ అయిదు వందలు తక్కువని అడవి అంచు ఇల్లు చూపడం మేలు కాదు.

వారపు సెలవు ఆదివారమే వస్తుందని లేదు. షిఫ్టులలో ఉన్నవారిని, హాస్టళ్ళలో ఉన్న ఆడపిల్లలను "రావడం మానేశారు" అని తప్పుపట్టే ముందు వారి సెలవు ఏ వారమో అడగండి. ఆ దినమున స్త్రీల సమాజంవారు ఇద్దరు వెళ్ళి పలకరిస్తే, ఆ పిల్ల జీతం సరిగా వస్తున్నదో లేదో, తిండి ఎట్లున్నదో ఇంటికి చెప్పనివి కూడా చెబుతుంది.

ఈ పాఠం చదివిన కూడికలో ఈ మాటలు చర్చించుకొనండి. మన సంఘంలో ఎవరెవరు ఏ గేటులో పనిచేస్తున్నారు, వారిలో పేస్లిప్పు చదివి చెప్పగలవారెవరు? తమిళంలో అర్జీ వ్రాయగల యౌవనస్థులెవరు? మొదటి పది రోజులు ఎవరి ఇంట్లో గది దొరుకుతుంది?